పిల్లల్ని సైకిల్‌పై బడికి పంపొచ్చా? ఐటీ కారిడార్‌లో ట్రాక్ ఉంది.. బడి దాకా దారేదీ?

కొండాపూర్‌లో ఇల్లు, రెండు కిలోమీటర్ల దూరంలో బడి అనుకుందాం. సైకిల్‌పై పది నిమిషాలు. అయినా మీ పాప వీధులన్నీ తిరిగే స్కూల్ బస్సులో అరగంట కూర్చుంటుంది. ఎందుకంటే మీ సమాధానం ఒకటే: 'ఈ ట్రాఫిక్‌లో సైకిలా?' ఆ భయాన్ని తప్పుపట్టలేం.

మన దగ్గర సైకిల్ ట్రాక్ ఉంది కదా అంటారా? ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన హెచ్ఎండీఏ నిర్మించిన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్‌ను 2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ వరకు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వరకు మరొకటి. పైకప్పే సోలార్ ప్లాంటు, సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండ తగలదు, రాత్రి లైట్లుంటాయి. ఉదయం వ్యాయామానికి బ్రహ్మాండం. కానీ అక్కడికి సైకిల్‌ను కారుకు కట్టుకొని వచ్చేవాళ్లూ కనిపిస్తారు! మీ అపార్ట్‌మెంట్ గేటు నుంచి బడి గేటు దాకా ఉండే రెండు జంక్షన్లకు ఆ ట్రాక్‌తో సంబంధం లేదు. పిల్లలకు ప్రమాదం ఉన్నది అక్కడే.

చట్టం ఏం చెబుతోంది?

ఫుట్‌పాత్‌పై, సైకిల్ ట్రాక్‌పై మోటారు వాహనం నడపకూడదు, పార్క్ చేయకూడదు. ఇది 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. పాదచారులు, సైకిళ్ల కోసం రాష్ట్రాలే నిబంధనలు పెట్టుకునేలా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. వాటిని ఆరు నెలల్లో రూపొందించాలని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి మీరు అడిగేది దయ కాదు.

సైకిల్‌కు భయపడి తొమ్మిదో తరగతి పిల్లాడికి స్కూటీ తాళం ఇచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు. మైనర్ బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

మీరేం చేయొచ్చు?

బార్సిలోనాలో 2021 నుంచి తల్లిదండ్రులు, పిల్లలు ఒక గుంపుగా సైకిళ్లపై బడికి వెళ్తున్నారు. దాన్ని 'సైకిల్ బస్' అంటారు. ఒంటరి పిల్లను పట్టించుకోని కారు డ్రైవరు, పదిమంది వరుసగా వస్తే ఆగుతాడు. మీ గేటెడ్ కమ్యూనిటీలో అదే బడికి వెళ్లే నాలుగు కుటుంబాలు కలిస్తే చాలు. ముందుగా ఓ ఆదివారం ఉదయం పిల్లలతో అదే దారిలో తొక్కి చూడండి. ఎక్కడ దిగి నడిపించుకుంటూ రోడ్డు దాటాలో అప్పుడే తెలుస్తుంది. హెల్మెట్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ తప్పనిసరి చేయండి.

తర్వాత బడిని అడగండి: సైకిల్ స్టాండు, బస్సులు కదలకముందే సైకిళ్లను వదలడం. గంట కొట్టే వేళ జంక్షన్ దగ్గర ఒక మనిషి కావాలంటే సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులకు, జీబ్రా క్రాసింగ్, స్పీడ్ బ్రేకర్ కావాలంటే మున్సిపల్ వార్డు ఆఫీసుకు రాయాలి. ఒక్కరి ఫిర్యాదు కన్నా ప్రిన్సిపల్ లెటర్‌హెడ్‌పై తల్లిదండ్రుల సంతకాలతో వెళ్లిన లేఖకు బరువు ఎక్కువ. జంక్షన్ ఫొటో, సమయం జతచేయండి.

బస్సు ఒకేసారి మాన్పించొద్దు. వారానికి ఒక రోజుతో మొదలుపెట్టండి. వాన పడితే ఆ రోజు బస్సే. నీళ్లు నిలిచిన రోడ్డుపై గుంత ఎక్కడుందో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో పెద్దవాళ్లకే కనిపించదు.