బల్ల మీది రైలుకు కెమెరా పరీక్ష

అసలు రైలును ఒకే నిష్పత్తిలో కుదించి, పట్టాలు, స్టేషన్, కొండ, వంతెనలతో సహా బల్ల మీద నిలబెట్టేదే మోడల్ రైల్వే లేఅవుట్. ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేల్ నిష్పత్తి 1:87. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. కాబట్టి కుదిస్తే 19 మి.మీ. దాటాలి. అంత వెడల్పు పట్టాలు సొంతంగా చేసుకోవడం పెద్ద శ్రమ గనుక చాలామంది 16.5తోనే సర్దుకుంటారు. ఢిల్లీ మెట్రోలో రెండు గేజ్‌లూ ఉన్నాయి: ఎల్లో లైన్ బ్రాడ్‌గేజ్, వయొలెట్ లైన్ స్టాండర్డ్ గేజ్. బజారులో దొరికే పట్టాలు అతికినట్టు సరిపోయేది రెండోదానికే.

అసలు చిక్కు చోటుది. 23 మీటర్లు దాటే ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల బోగీ ఈ స్కేల్‌లో దాదాపు 27 సెంటీమీటర్లు. ఇరవై బోగీల రాజధాని ఎక్స్‌ప్రెస్‌కు ఇంజన్ కాక అయిదు మీటర్లకు పైగా కావాలి. ఢిల్లీ ఫ్లాట్లలో ఆరేడు బోగీలతోనే రాజధాని అనిపించుకోవాలి.

ఇక ఫొటోల సంగతి. పనంతా అయ్యాకే కెమెరా తీయడం పొరపాటు. పట్టాలకు కంకర అంటించి, కొండలు లేపాక కింది వైర్లు కనబడవు. రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్ మొరాయించిన రోజు, మూయకముందు తీసిన ఫొటోయే దారి చూపుతుంది. తోటివారికి పనికొచ్చేవీ పూర్తయిన స్టేషన్ కన్నా ఈ సగం పని చిత్రాలే.

నిలబడి పైనుంచి తీస్తే ఎంత మంచి లేఅవుటైనా బొమ్మలాగే కనిపిస్తుంది. ఈ స్కేల్‌లో మనిషి ఎత్తు సుమారు రెండు సెంటీమీటర్లు; లెన్స్ ఆ ఎత్తుకు దిగాలి. ఫోన్‌ను తలకిందులు చేసి బల్లకు ఆనిస్తే ఆ పని తేలిక. ఇంత దగ్గర నుంచి తీసినప్పుడు ఇంజన్ స్పష్టంగా ఉంటే వెనక బోగీలు మసకబారతాయి. అపర్చర్ మార్చగల కెమెరా అయితే దాన్ని తగ్గించి, స్టాండు మీద పెట్టి ఎక్కువ సేపు ఎక్స్‌పోజ్ చేయాలి. లేదా వేర్వేరు దూరాలకు ఫోకస్ చేసిన ఫొటోలను కంప్యూటర్‌లో కలపాలి.

కంటికి ఆనని జిగురు మరక, పట్టాల అతుకు, దుమ్ము కెమెరాకు దొరికిపోతాయి. ఢిల్లీ దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. అది పట్టాల మీద పేరుకుంటే చక్రాలకు కరెంటు సరిగా అందక రైలే ఆగిపోతుంది.

మోడల్ రంగులకు, వివరాలకు అసలు ఇంజన్లను మించిన ఆధారం లేదు. ఢిల్లీ చాణక్యపురిలో 1977లో తెరిచిన జాతీయ రైల్వే మ్యూజియంలో 1907 నాటి పాటియాలా మోనోరైలు సహా ఎన్నో పాత బళ్లను దగ్గరగా చూడవచ్చు. సోమవారం సెలవు.