పెంకు పలచబడితే మేత చూడండి

పెరటి కోళ్లు పెట్టే గుడ్లు కొన్ని చేత్తో పట్టుకుంటేనే చితుకుతాయి. కొన్ని పెంకే లేకుండా తోలులా మెత్తగా వస్తాయి. ఇలాంటివి అమ్మకానికి రావు, పొదగేసినా పిల్లలు కావు. పైగా చితికిన గుడ్డు రుచి మరిగిన కోడి మంచి గుడ్లనూ పొడుచుకు తింటుంది.

మేతలో లోపం: గుడ్డు పెంకులో 94 శాతం దాకా కాల్షియం కార్బొనేటే. ఒక్క పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది, ఎక్కువ భాగం రాత్రిపూటే. నూకలు, తవుడులో కాల్షియం బహు తక్కువ. కాబట్టి ఆల్చిప్పలు లేదా నత్తగుల్లలు కందిగింజంత ముక్కలుగా దంచి, విడిగా మూకుడులో పెట్టాలి. సాయంత్రం తప్పక అందాలి. గుడ్డు పెంకులైతే పెనం మీద వేయించి, ఆనవాలు లేకుండా నలిపి వేయాలి. గుడ్లకు రాని పిల్లలకు మాత్రం ఇవి వేయరాదు, మూత్రపిండాలు చెడతాయి.

ఎండ, వయసు: ఎండకు రొప్పే కోడి మేత తగ్గిస్తుంది, పెంకూ పలచబడుతుంది. నీడ, చల్లని నీళ్లు ఉంచాలి. ముదురు కోళ్ల గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పలచనవుతుంది.

రంగు, రూపు: పెంకు రంగు జాతిని బట్టి ఉంటుంది, గుడ్డు బలానికి దానితో సంబంధం లేదు. పెంకుపై చిన్న చిన్న సున్నపు పొక్కులుంటే తినడానికి భయం లేదు. అయితే నాలుగైదు కోళ్లు ఒకేసారి ముడతల గుడ్లు, వంకర గుడ్లు పెడుతూ గురక తీస్తుంటే కొక్కెర తెగులో, బ్రాంకైటిస్సో అయి ఉండవచ్చు. ఆ కోళ్లను వేరుచేసి, వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించాలి. అప్పుడు గుల్ల ఎంత పెట్టినా లాభం లేదు.