అందరూ ఎక్కారా?

ఏమర్రా, రైలు టిక్కెట్టు కోసం ఫోనులో ఒక మీట నొక్కుతారు చూశారూ, ఆ ఒక్క నొక్కుకి తెర వెనకాల ఎన్ని పనులు మొదలవుతాయో తెలుసా? సీట్లున్నాయో లేదో ఒక కంప్యూటర్ని అడగాలి, ఛార్జీ ఎంతో ఇంకోదాన్ని అడగాలి, మీ ఖాతా సంగతి మరోదాన్ని. ఒక్కో జవాబు ఒక్కో వేళకి వస్తుంది. అన్నీ చేరాయని తేల్చి, ఇక కానివ్వమని చెప్పేదెవరు? ఇవాళ్టి కబురు అదే.

ముందు ఈ ఎదురుచూపు ఖరీదెంతో లెక్క కడదాం. మనం అడిగే కంప్యూటరు న్యూయార్కులో ఉందనుకోండి. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే హైదరాబాదు నుంచి న్యూయార్కుకి దాదాపు 13,000 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే మన ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి రావాలంటే, దారి ఎంత తిన్నగా ఉన్నా, 130 మిల్లీసెకన్లు పట్టి తీరుతుంది. రెప్పపాటే కదా అంటారు మీరు. కానీ 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు సెకనుకు 300 కోట్ల సార్లు టిక్కుమంటుంది. మీ రెప్పపాటులో దానికి 39 కోట్ల టిక్కులు గడిచిపోతాయి. అమెరికా నౌకాదళంలో పనిచేసిన గ్రేస్ హాపర్ ఉపన్యాసాలకి వెళ్ళినప్పుడు దాదాపు అడుగు పొడవున్న తీగముక్కలు పంచిపెట్టేవారు. ఒక నానోసెకనులో విద్యుత్తు ఎంత వేగంగా పోయినా అంతకన్నా దూరం పోలేదని చూపించడానికి. సైన్సు చెప్పడమంటే అలా ఉండాలి!

సరే, ఇప్పుడు పెళ్ళికి తరలివెళ్ళే బస్సుని తలుచుకోండి. ఒకరింటి ముందు బస్సాపి, ఆయన స్నానం చేసి పంచె కట్టుకొచ్చేదాకా నిలబడి, ఆ తర్వాత పక్కవీధికి పోయి రెండో ఇంటివాళ్ళని నిద్ర లేపితే ముహూర్తం దాటిపోతుంది. అన్ని ఇళ్ళకీ రాత్రే కబురు పంపితే ఎవరి పాటికి వాళ్ళు తయారవుతారు, బస్సు ఆగేది అందరికన్నా ఆలస్యమైన వాళ్ళ కోసమే. కంప్యూటరుకీ ఇదే లెక్క. మూడు జవాబులకి 130, 200, 90 మిల్లీసెకన్లు పడతాయనుకోండి. ఒకదాని తర్వాత ఒకటి అడిగితే 420. ఒక్కసారే అడిగితే 200.

చిక్కల్లా తలలు లెక్కపెట్టడంలో ఉంది. బస్సుకి రెండు తలుపులు, తలుపుకో మనిషి, ఇద్దరికీ కలిపి ఒకటే పలక. ఇద్దరూ ఒకేసారి పలక చూశారు: 38. ఇద్దరూ చెరో మనిషిని ఎక్కించుకుని 39 అని దిద్దారు. రావాల్సిన 40 మందీ ఎక్కేశారు, పలక మీద మాత్రం 39. ఇక బస్సు కదలదు, ఎప్పుడో ఎక్కి కూర్చున్న మనిషి కోసం పడిగాపులు! ప్రోగ్రాములు కొన్నిసార్లు ఏ కారణమూ చెప్పకుండా బిగుసుకుపోవడం వెనక ఇలాంటి పలకలు చాలానే ఉన్నాయి. పలకకి తాళం వేసి, ఒకసారికి ఒకరే దిద్దాలని కట్టడి చేయవచ్చు. కానీ తాళాలు పెరిగేకొద్దీ, ఒకరి తాళంచెవి కోసం ఇంకొకరు కాచుకుని ఇద్దరూ ఆగిపోయే పీడ మొదలవుతుంది.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిలో రాసేవాళ్ళకి అసలు దిద్దడమంటేనే గిట్టదు. ఒకసారి రాసిన విలువని మార్చరు, కావాలంటే కొత్త విలువ పుట్టిస్తారు. వాళ్ళు చేసిన గడుసు పనేమిటంటే, ఇంకా రాని జవాబుని కూడా ఒక విలువగా చూడటం. దాన్ని జాబితాలో పెట్టుకోవచ్చు, ఫంక్షనుకి అందించవచ్చు. డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ 1976లో దీనికి ప్రామిస్ అని పేరు పెట్టారు. మరుసటేడు హెన్రీ బేకర్, కార్ల్ హ్యూయిట్ ఫ్యూచర్ అన్నారు. జావాస్క్రిప్టు భాష ప్రమాణంలోకి ప్రామిస్ వచ్చింది 2015లో, నలభై ఏళ్ళు కావస్తుండగా.

రాని జవాబు విలువ అయ్యాక, చాలావాటిని కలిపి ఒకటి చేయడం తేలిక. నలభై ప్రామిస్‌ల జాబితా ఇస్తే, నలభై జవాబుల జాబితా ఇస్తానని ఒకే ఒక ప్రామిస్ చేతికొస్తుంది. జావాస్క్రిప్టులో దాని పేరు ప్రామిస్ ఆల్. పలక దిద్దే బాధ్యత మన నెత్తిన ఉండదు. ఇంకో సుఖం కూడా ఉంది. జవాబులు ఏ వరసలో వచ్చినా, మనం అడిగిన వరసలోనే అమర్చి ఇస్తుంది.

అయితే అన్నింటినీ ఒక్కసారి అడగడం ఎప్పుడూ కుదరదు. సీటు నంబరు తెలిస్తేగానీ డబ్బు కట్టలేం, అక్కడ ఒకటయ్యాకే రెండోది. ఒకదాని మీద ఒకటి ఆధారపడే పనులకి మోనాడ్ అనే అమరిక ఉంది. దేనిదారి దానిదైన పనులకి అప్లికేటివ్ అనే ఇంకో అమరికని కోనర్ మెక్‌బ్రైడ్, రాస్ ప్యాటర్సన్ 2008లో ఒక వ్యాసంలో విడమరిచారు. పేర్లు చూసి జడుసుకోకండి. రెండో పని చేయడానికి మొదటి జవాబు కావాలా, అక్కర్లేదా అన్న ప్రశ్నే రెండింటినీ వేరు చేస్తుంది. ఫేస్‌బుక్‌లో సైమన్ మార్లో బృందం ఈ తేడాని ఆసరా చేసుకుని హాస్కెల్ భాషలో హ్యాక్సెల్ అనే సాధనం తయారుచేసి, 2014లో దాని గురించి రాసింది. ప్రోగ్రామరు మామూలుగా రాసుకుంటూ పోతాడు. వేటిని కలిపి అడగవచ్చో సాధనమే పసిగట్టి కలిపేస్తుంది. చెత్త సందేశాలని ఏరివేసే పనిలో దీన్ని సెకనుకు పది లక్షలకి పైగా విన్నపాల మీద నడిపారు. నాకైతే ఈ కథంతటిలో ముచ్చటగా తోచింది ఇదే.

ఇక రాని చుట్టం సంగతి. ఒకాయనకి జ్వరం తగిలి రాలేనన్నాడనుకోండి, పెళ్ళే మానుకుంటారా? ప్రామిస్ ఆల్ అచ్చం అంతపనీ చేస్తుంది. ఒక్క పని చెడితే చాలు, మొత్తం చెడిందంటుంది, అప్పటికే వచ్చిన జవాబులు కూడా మన చేతికి రావు. పైగా మిగతా పనులని ఆపదు. ఎవరికీ అక్కర్లేని జవాబుల కోసం అవి నడుస్తూనే ఉంటాయి. మార్లో హాస్కెల్‌కి రాసిన అసింక్ లైబ్రరీ ఇక్కడ బుద్ధిగా ఉంటుంది. కలిపి నడిపే రెండింటిలో ఒకటి చెడితే రెండోదాన్ని రద్దు చేశాకే కబురు చెబుతుంది. వచ్చినవాళ్ళెవరో రానివాళ్ళెవరో విడివిడిగా తెలియాలంటే జావాస్క్రిప్టులో ఆల్ సెటిల్డ్ అని ఉంది. అది ప్రమాణంలో చేరింది 2020లో. నన్నడిగితే మొదటి రోజునుంచీ ఉండాల్సింది.

చెడటం కన్నా మొండిది ఏ జవాబూ రాకపోవడం. రాలేనని ఫోనైనా చేయని చుట్టం కోసం ఎంతసేపని ఆగుతారు? బస్సుకి ముహూర్తమే గడువు. ప్రోగ్రాముకి ఆ గడువు మీరే పెట్టాలి. జావాస్క్రిప్టు ప్రామిస్‌కి తనంతట తాను రద్దయ్యే పద్ధతి లేదు. నెట్టు మీద అడిగే విన్నపాన్ని ఆపాలంటే అబార్ట్ కంట్రోలరు అనేదాన్ని విడిగా జతచేయాలి. మీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఉంటే, ఇవాళ వెళ్ళి మీ కోడులో ఆ గడువు ఉందో లేదో ఒకసారి చూడండి.