రన్‌వే మూసేశారు: పైలట్‌కు చెప్పేదెలా?

నక్కపల్లి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిని ఒకచోట తవ్వి బాగుచేస్తున్నారనుకుందాం. దూరం నుంచే బోర్డు కనిపిస్తుంది. కాస్త ముందుకు వస్తే అడ్డంగా డ్రమ్ములు, ఎర్రజెండా పట్టుకున్న మనిషి. లారీ డ్రైవరు బ్రేకు వేసి, దారి ఎటో అడిగి తెలుసుకుంటాడు. మరి గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న విమానం సంగతేమిటి? ఆకాశంలో ఆగి దారి అడగడానికి వీలు లేదు కదా! రన్‌వే మూసి ఉన్న సంగతి పైలట్‌కు బయలుదేరక ముందే తెలియాలి.

ఇది ఉత్త ఊహ కాదు. నక్కపల్లి వారికి దగ్గరలోని విశాఖపట్నంలో విమానాలు దిగే రన్‌వే నౌకాదళానిది. ఆ స్థావరం పేరు ఐ.ఎన్.ఎస్. డేగా. రన్‌వే పొడవు సుమారు మూడు కిలోమీటర్లు. 2023 నవంబరులో దాని పై పొరను కొత్తగా వేసే పని మొదలైంది. అందుకోసం కొన్ని నెలలపాటు రాత్రివేళ విమానాల రాకపోకలు ఆపేశారు. పగలు విమానాలు, రాత్రి పనివాళ్లు అన్నమాట. ఈ ఏర్పాటు ఎక్కడెక్కడి నుంచో విశాఖకు వచ్చే ప్రతి పైలట్‌కూ తెలియాలి. ఒక్కరికి తెలియకపోయినా ప్రమాదమే.

ఆకాశంలో దండోరా

పూర్వం ఊరందరికీ ఒక సంగతి చెప్పాలంటే టముకు వేయించేవారు. విమానాల లోకంలో ఆ పని చేసేది 'నోటామ్'. 'విమాన చోదకులకు ప్రకటన' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలను కుదించి ఈ పేరు పెట్టారు. మన దేశంలో ఈ ప్రకటనలను భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ వెలువరిస్తుంది. అవి విమాన సంస్థలకు, కంట్రోల్ టవర్లకు చేరతాయి. ప్రయాణానికి ముందు పైలట్ తన దారికి సంబంధించిన నోటామ్‌లన్నీ చదువుకోవాలి.

టముకు వేసేవాడు నాలుగు మాటల్లో సంగతి ముగిస్తాడు. నోటామ్ కూడా అంతే. అది వరుసగా కొన్ని ప్రశ్నలకు జవాబు చెబుతుంది. ఏ విమానాశ్రయం? ఎప్పటి నుంచి? ఎప్పటి వరకు? రోజూ ఏయే గంటల్లో? సంగతి ఏమిటి? విమానాశ్రయం పేరును నాలుగు అక్షరాల్లో రాస్తారు. శంషాబాద్ అయితే 'వి.ఓ.హెచ్.ఎస్.'

కాలాన్ని పది అంకెల్లో రాస్తారు. సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, ఒక్కొక్కదానికి రెండేసి అంకెలు. అయితే అది మన గడియారం చూపే వేళ కాదు. ప్రపంచమంతా ఒకే వేళ వాడాలని అంతర్జాతీయ సమయాన్ని పాటిస్తారు. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి మనకు 2025 ఆగస్టు 15 రాత్రి 8 గంటలైతే, నోటామ్‌లో 2508151430 అని ఉంటుంది.

రన్‌వేకూ అంకెలే పేరు. విశాఖ రన్‌వే ఒక కొస నుంచి దిగేటప్పుడు దిక్సూచి దాదాపు 100 డిగ్రీలు చూపుతుంది. చివరి సున్నా తీసేస్తే 10. రెండో కొస నుంచి వస్తే 280 డిగ్రీలు, అంటే 28. రెండింటికీ తేడా ఎప్పుడూ 18. శంషాబాద్ రన్‌వే ఒక కొసన 09 అని ఉంటుంది. మరి రెండో కొసన ఏముంటుందో మీరే చెప్పండి!

చెప్పినా చేరకపోతే?

2017 జులై 7 రాత్రి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఎయిర్ కెనడా విమానం దిగబోతోంది. పక్కపక్కనే ఉన్న రెండు రన్‌వేలలో ఒకటి మూసి, దీపాలు ఆర్పేశారు. పైలట్లు మాత్రం రెండూ పనిచేస్తున్నాయనే ధ్యాసలో ఉన్నారు. వెలుగుతున్న ఒకే ఒక్క రన్‌వేను రెండోదిగా భ్రమపడి, దాని పక్కనున్న టాక్సీవే వైపు దిగసాగారు. విమానాలు రన్‌వే చేరడానికి నడిచే బాట అది. అక్కడ నాలుగు విమానాలు వరుసగా నిలబడి ఉన్నాయి! చివరి క్షణంలో పైలట్లు విమానాన్ని మళ్లీ పైకి లేపారు. అప్పటికి అది నేలకు సుమారు 60 అడుగుల ఎత్తుకు వచ్చేసింది. పెను ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది.

రన్‌వే మూశారని పైలట్లకు చెప్పలేదా? చెప్పారు. వారికిచ్చిన 27 పేజీల కాగితాల్లో 8వ పేజీలో ఆ సంగతి ఉందని విచారణలో తేలింది.

2000 అక్టోబరు 31న తైవాన్ రాజధాని తైపేకి చెందిన విమానాశ్రయంలో మాత్రం అదృష్టం కలిసిరాలేదు. తుపాను వానలో ఒక సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం పొరపాటున, మరమ్మతు కోసం కొంత భాగం మూసిన రన్‌వేపై పరుగు తీసింది. అక్కడి కాంక్రీటు దిమ్మెలనూ యంత్రాలనూ ఢీకొంది. అందులోని 179 మందిలో 83 మంది చనిపోయారు. ఆ రన్‌వే గురించిన నోటామ్ కూడా ముందే వెలువడింది.

అందుకే ఒక్క కాగితాన్నే నమ్ముకోకూడదు. మూసిన రన్‌వేపై కనిపించేలా పెద్ద ఇంటూ గుర్తు వేస్తారు. దీపాలు ఆర్పుతారు. విమానాశ్రయం రేడియోలో ఆ సంగతి పదే పదే వినిపిస్తారు. కంట్రోలరు కూడా నోటితో చెబుతాడు. ఒకటి తప్పినా మరొకటి పట్టుకుంటుందని ఆశ.

మీ బడి నోటీసు బోర్డునే చూడండి. పరీక్ష తేదీ మారిందన్న కాగితం ఇరవై కాగితాల అడుగున ఉంటే, అది అంటించినట్టా, అంటించనట్టా? ప్రకటన వెలువడగానే పని అయిపోదు. వినవలసినవాడి చెవిన, వినవలసిన వేళకు పడితేనే అయినట్టు.