తలకిందులుగా వచ్చిన సైన్ వక్రం

హైదరాబాద్ కొత్తగూడ చౌరస్తా చుట్టుపక్కల ఐటీ ఆఫీసుల్లో నలభై దాటిన వాళ్లను అడిగి చూడండి, కంప్యూటర్‌లో గీసిన మొదటి గ్రాఫ్ చాలామందికి గుర్తుంటుంది. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్, నీలం తెర మీద టర్బో సీ, గ్రాఫిక్స్ మొదలుపెట్టే 'ఇనిట్‌గ్రాఫ్' ఫంక్షన్. దానికి కావలసిన బీజీఐ డ్రైవర్ ఫైళ్లున్న డైరెక్టరీ తప్పు రాశామా, గ్రాఫిక్స్ మొదలే కాలేదని ఎర్రర్. సరిచేసి రన్ చేస్తే సైన్ వక్రం వచ్చేది, కాకపోతే తలకిందులుగా! నోటుబుక్కులో వై పైకి పెరుగుతుంది. తెర మీద సున్నా ఎడమవైపు పై మూలన ఉంటుంది, కిందికి దిగేకొద్దీ వై పెరుగుతుంది. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం పై వరస నుంచి కిందికి దిగుతూ బొమ్మ గీస్తుంది మరి. ఒక మైనస్ పెడితే వక్రం నిటారయ్యేది.

హైదరాబాద్‌కు కంప్యూటర్ పీసీతో రాలేదు. 1967లో మొదలైన ఈసీఐఎల్ ఇక్కడే కంప్యూటర్లు తయారుచేసింది. కానీ విద్యార్థి తనంతట తాను గ్రాఫ్ గీసుకోగలిగింది పీసీ వచ్చాకే. 1981 నాటి ఐబీఎం పీసీ సీజీఏ గ్రాఫిక్స్ కార్డులో బొమ్మకు ఉన్న మెమరీ 16 కిలోబైట్లు. అడ్డంగా 640, నిలువుగా 200 చుక్కలు కావాలంటే రెండే రంగులు. నాలుగు రంగులు కావాలంటే అడ్డం చుక్కలు 320కి తగ్గేవి. పైగా 640 మోడ్‌లో చుక్క చతురస్రం కాదు, వెడల్పు కంటే ఎత్తు 2.4 రెట్లు. కొలతలు సర్దకుండా సైన్, కొసైన్‌లతో వృత్తం గీస్తే నిలబెట్టిన కోడిగుడ్డు వచ్చేది. 1987లో వీజీఏ 640, 480 చుక్కలతో వచ్చాక గానీ ఆ బాధ తప్పలేదు. దశాంశ లెక్కలు చేసే 8087 చిప్ లేని మెషీన్‌లో బేసిక్‌తో గీస్తే వక్రం ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకేది. నన్నడిగితే ఫంక్షన్ అంటే ఏమిటో పాఠం కంటే ఆ పాకుడే బాగా చెప్పింది.

చుక్కల్ని కలిపే గీతకూ ఒక కథ ఉంది. ల్యాబ్ పరీక్షల్లో తరచూ వచ్చే బ్రెసెన్‌హామ్ అల్గారిథమ్ అసలు తెర కోసం పుట్టింది కాదు. కాగితం మీద పెన్నుతో గీసే కాల్‌కాంప్ ప్లాటర్ కోసం ఐబీఎంలో జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో రాశాడు. పూర్ణాంకాల కూడికలు, తీసివేతలు, గుర్తు చూడటం తప్ప అందులో భాగహారం లేదు. అందుకే చిన్న ప్రాసెసర్లకు అది వరమైంది.

అయితే గీత అబద్ధం కూడా చెబుతుంది. టాన్ గ్రాఫ్‌లో 90 డిగ్రీలకు ఇవతలి చుక్క ఎక్కడో పైన, అవతలిది ఎక్కడో కింద ఉంటుంది. రెంటినీ కలిపితే నిలువు గీత పడుతుంది. చాలామంది దాన్నే అనంత స్పర్శరేఖ అనుకుని రికార్డులో ఎక్కించేశారు. ఫంక్షన్‌కు అక్కడ విలువే లేదు. 2003లో జాన్ హంటర్ విడుదల చేసిన పైథాన్ గ్రాఫ్ లైబ్రరీ మాట్‌ప్లాట్‌లిబ్ కూడా, మీరు చెప్పకపోతే, ఇప్పటికీ ఆ గీత గీస్తుంది. ఆ బిందువు దగ్గర 'నాన్' (సంఖ్య కాదు అనే గుర్తు) విలువ పెట్టండి, గీత తెగుతుంది.