చివరి తూముకు నీరందాలంటే సంఘంలో మీరుండాలి

సాగర్ కుడికాలువ కింద భూమి వున్న ఏ రైతునైనా ఒక్క మాట అడగండి: 'నీ చేను మేజరు మొదట్లోనా, చివర్లోనా?' ఆ జవాబుతోనే ఆ ఏడు అతని పంట సంగతి సగం తెలిసిపోతుంది. మొదట్లో వున్నాయన మోకాటిలోతు నీళ్లలో వరి పెడతాడు. చివర్లో వున్నాయన రాత్రిళ్లు బ్యాటరీ లైటు, పార పట్టుకొని కాలువ గట్టున తిరుగుతుంటాడు.

ఈ నాలుగు మాటలు రాస్తున్నవాడికీ చివరి తూము కిందే ఎకరంన్నర వుంది. ఒక ఖరీఫ్‌లో పైరు పొట్ట మీద వుండగా పన్నెండు రోజులు నీటిబొట్టు రాలేదు. పైకి వెళ్లి చూస్తే కాలువలో నీళ్లున్నాయి. దారిలో నాలుగుచోట్ల గట్టు కోసి, రెండుచోట్ల అడ్డుకట్ట వేసి పెట్టారు. అడిగితే 'మా పైరు మాత్రం ఎండాలా?' అన్నారు. ఆ ఏడు కోతకు పెట్టిన కూలి కూడా రాలేదు, సగానికి సగం తాలు. ఆ పొద్దు తెలిసింది, కొరత నీటికే కాదు, పంచుకునే కట్టుబాటుకు కూడా అని.

కట్టుబాటు ఎవరు పెట్టాలి? ప్రభుత్వమా, రైతులా? సాగునీటి సంఘాల కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

వెనకటి మాట

చెరువుల కింద మన పెద్దలకు ఈ కట్టుబాటు ఎప్పటినుంచో వుంది. తెలంగాణలో నీరడి, రాయలసీమలో నీరుగంటి అని పిలిచే మనిషి వుండేవాడు. తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు అన్నది అతని చేతిలో పని. రైతులు గింజల రూపంలో అతనికి మేర కొలిచేవారు. చెరువు చిన్నది, ఊరు ఒకటి, అందరూ ఎదురుబొదురు మనుషులు కాబట్టి మాట చెల్లుబాటయ్యేది.

పెద్ద ప్రాజెక్టులు వచ్చాక పరిస్థితి మారింది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. వందల మైళ్ల కాలువలు, వేల తూములు. నీటిని వదిలేది శాఖవారు, తీరువా రాసేది రెవెన్యూవారు, వాడుకునేది రైతు. ముగ్గురూ మూడు దిక్కులు. కాలువ పూడినా, షట్టరు విరిగినా 'సర్కారు కాలువ కదా' అని రైతు చూస్తూ వూరుకున్నాడు. తూముకొక పైపు కమిటీ అని మధ్యలో కొన్ని ప్రయత్నాలు జరిగాయి గాని, చట్టం అండ లేక నిలబడలేదు.

1997 చట్టం ఏం తెచ్చింది

1996లో నీటి తీరువా పెద్దయెత్తున పెరిగింది. తీరువా పెంచినప్పుడు పెత్తనంలో కూడా వాటా ఇవ్వాలి గదా! 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం వచ్చింది. ఆ ఏడు జూన్‌లో రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. రాష్ట్రం మొత్తం ఒకేసారి ఇలా చేయడం దేశంలో అదే మొదలు. తర్వాత చాలా రాష్ట్రాలు ఇదే బాటలో చట్టాలు చేసుకున్నాయి.

పెద్ద ప్రాజెక్టుల కింద మూడంచెలు. అడుగున నీటి వినియోగదారుల సంఘం, దానిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. మధ్యతరహా ప్రాజెక్టులకు సంఘం, ప్రాజెక్టు కమిటీ వుంటే చాలు. చెరువుల వంటి చిన్నతరహా వాటికి సంఘం ఒక్కటే. సంఘం పరిధిని మళ్లీ చిన్న చిన్న నియోజకవర్గాలుగా విడగొడతారు. ఇది ఊళ్లను బట్టి కాదు, నీరు పారే దారిని బట్టి. ఒకే తూము, ఒకే మైనరు కింద తాగే భూములన్నీ ఒకచోటికి రావాలన్నది ఉద్దేశం. ఎగువ, మధ్య, దిగువ మూడు భాగాలవారికీ సంఘంలో నోరు వుండాలన్నది అసలు సూత్రం.

ఓటు ఎవరికి?

ఆయకట్టులో భూమి వుండి, రికార్డులో పేరున్న ప్రతివారికీ ఓటుంది. అరెకరం వున్నా ఒక ఓటే, ఇరవై ఎకరాలున్నా ఒక ఓటే. సన్నకారు రైతుకు ఇంతకంటె బలం ఏం కావాలి?

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది కౌలు రైతు సంగతి. ఒకే భూమికి యజమాని, కౌలుదారు ఇద్దరూ రికార్డులో వుంటే సభ్యత్వం కౌలుదారుకే అని చట్టం చెబుతోంది. నీటి అవసరం దున్నేవాడిది కదా! కాని మన దగ్గర కౌలు అంతా నోటిమాట మీదనే. పేరు రికార్డుకెక్కదు, హక్కు కాగితంలోనే వుండిపోతుంది.

రెండోది ఆడవారి సంగతి. నాట్లు, కలుపు, సగం రాత్రి కాపలా కూడా వాళ్లదే. పట్టా మాత్రం మగవారి పేర. పట్టా లేకపోతే ఓటు లేదు. ఇంట్లో పంపకాలప్పుడు, కొత్తగా కొన్నప్పుడు ఆడవారి పేర కొంతైనా రాయిస్తే, రేపు సంఘంలో వాళ్ల మాట కూడా వినబడుతుంది.

సంఘం పని ఏమిటి?

చాలామంది సంఘం అంటే కాంట్రాక్టు పనులు అనుకుంటారు. పూడిక తీయడం, గట్టు పోయడం, లైనింగు వేయడం సంఘం పనులే, కాదనం. కాని చట్టం అప్పగించిన మొదటి పని వేరు. ప్రతి పంటకాలానికీ ముందు వారబందీ, అంటే వంతుల పట్టిక తయారుచేసి అమలుచేయడం. తూముల మధ్య నీరు పంచడం, తగాదాలు తీర్చడం, ఆయకట్టు రిజిస్టరు రాయడం, తీరువా వసూలులో రెవెన్యూవారికి సాయపడటం, ఆక్రమణలు తొలగించడం, ఏటా జమాఖర్చులు సభ్యుల ముందు పెట్టడం కూడా సంఘం బాధ్యతలే. ఇంజనీరు సాంకేతిక సలహాదారుగా వెంట వుండాలి.

వంతుల లెక్క మీరే వేసుకోవచ్చు

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, మన లెక్కలో సుమారు 28 లీటర్లు. ఇది గుర్తుంచుకోవడానికి ఒక సులువు వుంది. ఒక క్యూసెక్కు నీరు ఒక గంటసేపు పారితే ఎకరంలో ఒక అంగుళం లోతు నిలుస్తుంది.

మీ తూముకు ఒక క్యూసెక్కు వస్తుంది, కింద 84 ఎకరాలున్నాయి అనుకుందాం. వారానికి 168 గంటలు. 168ని 84తో భాగిస్తే ఎకరాకు రెండు గంటలు. అంటే వారానికి రెండంగుళాలు. ఎకరంన్నర వున్నవారికి మూడు గంటలు, అయిదెకరాల వారికి పది గంటలు. మట్టి బోదెలో కొంత ఇంకుతుంది కనుక చివరివారికి కొద్ది నిమిషాలు కలిపి ఇవ్వాలి.

ఇప్పుడు కట్టుబాటు తప్పితే ఏమవుతుందో చూడండి. పైన వున్న 20 ఎకరాలవారు ఎకరాకు నాలుగు గంటల చొప్పున తీసుకున్నారనుకోండి. 80 గంటలు వారికే పోయాయి. మిగిలిన 88 గంటలు 64 ఎకరాలకు పంచితే ఎకరాకు గంటా ఇరవై రెండు నిమిషాలు. అదైనా సమంగా పంచితేనే. పంచరు కాబట్టి ఆ లోటంతా చివరి పదెకరాల మీద పడుతుంది. ఎగువవారికి చేలో ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ నిలిచింది, అంతే. దిగువవాడికి పంటే పోయింది.

సాగర్ కింద దీనికి మరో కారణం తోడైంది. ఆరుతడి పంటలకని లోకలైజ్ చేసిన భూముల్లో కూడా ఎగువన వరి వేశారు. వరిని తప్పు పట్టడం కాదు, గింజ ఇంటికి తెచ్చే పంట అది. కాని ఆరుతడికి లెక్కగట్టి తవ్విన కాలువలో వరికి సరిపడా నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి?

నీరు కొలిచే తేలిక పద్ధతి

'తూముకు క్యూసెక్కు వదిలాం' అంటారు. వచ్చిందో లేదో మీరే కొలవండి. బోదె తిన్నగా వున్నచోట 30 అడుగులు కొలిచి రెండు పుల్లలు పాతండి. ఎండు కొబ్బరిచిప్పో, గడ్డిపరకో వదిలి ఎన్ని సెకన్లకు చేరిందో చూడండి. మూడుసార్లు చూసి సరాసరి తీయండి. 36 సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు 0.83 అడుగులు. పైన పారే నీరు అడుగు నీటికంటె వేగంగా పోతుంది కనుక దీన్ని 0.8తో గుణించాలి. 0.67 వస్తుంది. బోదె వెడల్పు 2 అడుగులు, లోతు 9 అంగుళాలు, అంటే ముప్పావు అడుగు అయితే వైశాల్యం ఒకటిన్నర చదరపుటడుగు. 0.67ను ఒకటిన్నరతో గుణిస్తే ఒక క్యూసెక్కు. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా తారీకు వేసి పుస్తకంలో రాసుకొని ఏఈ దగ్గరకు వెళ్లినవాడి మాటకు, ఉత్త చేతులతో వెళ్లినవాడి మాటకు తేడా వుంటుంది.

ఎక్కడ దెబ్బతిన్నాం?

1997 తర్వాత మొదటి రెండు మూడేళ్లు ఊపుగా పని జరిగింది. చాలాచోట్ల పూడికలు తీశారు, తూములు బాగుచేశారు, ఏళ్ల తరబడి తడవని చివరి భూములు తడిసిన చోట్లూ వున్నాయి. తర్వాత సంఘం అంటే పనులు, పనులంటే బిల్లులు అన్న తీరు వచ్చింది. పలుచోట్ల అధ్యక్ష పదవి పెద్ద రైతులకో, పనులు చేయించే అలవాటున్నవారికో దక్కింది. సర్వసభ్య సమావేశం కాగితం మీద జరిగింది. సంతకాలు ఇంటికి వెళ్లి పెట్టించుకున్నారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా నిబంధనలు మారాయి, ఎన్నికైన పాలకవర్గాలు లేకుండానే ఏళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి.

డబ్బు సంగతి కూడా వుంది. పెద్ద ప్రాజెక్టుల కింద తీరువాలో సంఘానికి 50 శాతం, డిస్ట్రిబ్యూటరీ కమిటీకి 20, ప్రాజెక్టు కమిటీకి 20, పంచాయతీకి 10 శాతం అని వాటాలు పెట్టారు. తీరువా వసూలు కాకపోతే ఈ వాటాలు సున్నాయే. 'నీళ్లు రానిదే తీరువా కట్టం' అని రైతు, 'తీరువా రానిదే మరమ్మతు లేదు' అని శాఖ. ఈ ముడి ఏదో ఒక కొసనుంచి విప్పాలి. నీరు అందని భూమికి తీరువా రాస్తే అడంగల్ చూపించి అభ్యంతరం చెప్పండి. అందిన భూమికి మాత్రం కట్టండి. కట్టినవాడికే లెక్క అడిగే నోరుంటుంది.

నాసిక్ రైతులు చేసిన పని

మహారాష్ట్రలో నాసిక్ జిల్లా వాఘాడ్ ప్రాజెక్టు కింద ఓఝర్ దగ్గర చివరి భూముల రైతులే ముందుగా సంఘాలు కట్టారు. 1990ల తొలినాళ్ల మాట ఇది. ఎకరాల లెక్కన గాక, కొలిచిన నీటి లెక్కన వాటా తీసుకొని తమలో తాము పంచుకున్నారు. కాలువ నీటితోపాటు బావుల నీటినీ కలిపి వాడుకున్నారు. వారిని చూసి ఎగువవారూ సంఘాలు పెట్టుకున్నారు. చివర్నుంచి మొదలైన పని పైకి పాకింది. నష్టపోయేది చివరివాడే కాబట్టి, కదలాల్సిందీ ముందు అతడే.

ఈ పంటకాలంలో మీరు చేయదగినవి

నీళ్లు వదలకముందే మీ తూము కింద రైతులంతా ఒక్కసారి కూర్చోండి. ఎవరికి ఎన్నెకరాలు, ఏ పంట అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి.

వంతుల పట్టికను గంటలతో సహా రాసి తూము దగ్గర, రచ్చబండ దగ్గర అందరికీ కనబడేలా పెట్టండి. రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే పడకుండా పంటపంటకూ పన్నెండు గంటలు జరపండి.

పంట బోదెలు ప్రభుత్వం తీయాలని చూడకండి. ఇంటికొక మనిషి, ఒక పూట. తూటికాడ, జమ్ము తీస్తే నీటి నడక ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

సర్వసభ్య సమావేశానికి తప్పక వెళ్లండి. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చుపెట్టారు, ఏ పని ఎందుకు ముందు పెట్టుకున్నారు అని అడగండి. అడగడం తగాదా కాదు, మీ హక్కు.

ఎగువ రైతులకు ఒక విన్నపం. చేలో నిలవ తగ్గిస్తే పైరు దుబ్బు బాగా కడుతుంది, ఎరువు మురుగులో కొట్టుకుపోదు. మీ చేను తడిసిన వెంటనే తూము మూయండి. దిగువన వున్నది పరాయివాడు కాదు. మీ వియ్యంకుడో, మేనల్లుడో, నిన్న మీ చేలో నాటు వేసిన కూలిమనిషో అయివుంటాడు.

కాలువ సర్కారుది కావచ్చు. దాని వెంట పారే నీటిలో చివరి ఎకరానికి కూడా వాటా వుంది. ఆ వాటా రాత్రిపూట పారతో తెచ్చుకుంటే ఒక్క తడికే వస్తుంది. పగటిపూట పదిమందిలో కూర్చొని రాయించుకుంటే ప్రతి పంటకూ వస్తుంది.