రెడ్‌హ్యాట్ లైనక్స్ 10: పాత సర్వర్‌లో కొత్త వెర్షన్ ఎక్కుతుందా? భీమవరం ఆఫీసులు, కాలేజీలు చూసుకోవాల్సింది ఇదే..

భీమవరం: రొయ్యల ఎగుమతి ఆఫీసు కావచ్చు.. ఆస్పత్రి కావచ్చు.. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ కావచ్చు. చాలాచోట్ల ఓ మూల గదిలో లైనక్స్ సర్వర్ ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తుంటుంది. పని జరుగుతోంది కదా అని దాని వైపు ఎవరూ చూడరు. కానీ ఇప్పుడు ఒకసారి చూడాల్సిన టైమ్ వచ్చింది. ఎందుకంటే రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10 వచ్చేసింది. ఇది అన్ని మెషీన్లలోనూ ఎక్కదు.

కొత్తగా ఏముంది?

2025 మే 20న రెడ్‌హ్యాట్ ఈ వెర్షన్‌ను ప్రకటించింది. లైనక్స్ కెర్నల్ 6.12, పైథాన్ 3.12తో ఇది వచ్చింది. కమాండ్ గుర్తు లేకపోతే టెర్మినల్‌లోనే మామూలు మాటల్లో ప్రశ్న అడిగేలా లైట్‌స్పీడ్ అనే ఏఐ సహాయకుడిని జోడించారు. రేపు క్వాంటం కంప్యూటర్లు వచ్చినా తట్టుకునే ఎన్‌క్రిప్షన్ పద్ధతులను కూడా చేర్చారు. 2035 మే వరకు దీనికి సపోర్ట్ ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడంటే..

ఇంటెల్, ఏఎండీ మెషీన్ అయితే ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 లాంటి కొత్త సదుపాయాలు కచ్చితంగా ఉండాలి. ఇంటెల్‌లో ఇవి 2013లో వచ్చిన నాలుగో తరం కోర్ ప్రాసెసర్లతో మొదలయ్యాయి. అంతకన్నా పాతదైతే వెర్షన్ 10 బూట్ కూడా కాదు. ఇంకో సంగతి.. ఆ తర్వాత పెంటియం, సెలెరాన్ పేర్లతో వచ్చినవాటిలో కూడా చాలావాటికి ఏవీఎక్స్2 లేదు. కాబట్టి కొన్న సంవత్సరం చూసి ధైర్యంగా ఉండొద్దు. వర్చువల్ మెషీన్‌లో వేసుకుంటాం అన్నా కుదరదు. కింద ఉన్న అసలు ప్రాసెసర్ పాతదైతే అక్కడా ఇదే ఇబ్బంది.

చెక్ చేయడం సులువే. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టండి. ఫ్లాగ్స్ వరుసలో ఏవీఎక్స్2 కనిపించకపోతే ఆ మెషీన్‌లో 10 ఎక్కదని అర్థం.

మరి పాత సర్వర్ పారేయాలా?

అక్కర్లేదు. రెడ్‌హ్యాట్ 9కి 2032 మే వరకు సపోర్ట్ ఉంది. పాత ప్రాసెసర్లలో చాలావాటిపై అది నడుస్తుంది. డబ్బు కట్టకుండా వాడుకోవాలంటే దాదాపు అలాగే పనిచేసే ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ ఉన్నాయి. ఈ రెండూ తమ 10వ వెర్షన్లను కూడా 2025లోనే విడుదల చేశాయి. ఆల్మాలైనక్స్ అయితే పాత ప్రాసెసర్ల కోసం వెర్షన్ 10ని విడిగా తయారుచేసి ఇస్తోంది.

సెంట్ఓఎస్ 7 ఉంటే మాత్రం ఆలస్యం వద్దు

ఉచితం కాబట్టి ఒకప్పుడు చాలామంది సెంట్ఓఎస్ వేసుకున్నారు. సెంట్ఓఎస్ 8కి 2021 డిసెంబర్ 31తో, సెంట్ఓఎస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. సర్వర్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. అదే అసలు ప్రమాదం. మన ప్రాంతం వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది కాపలా లేని చెరువు లాంటిది. రొయ్యలు ఉంటాయి, ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. రాత్రి ఎవరొచ్చి వల వేసినా అడిగే నాథుడు ఉండడు. కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. ఆ లోపాల మీదే హ్యాకర్ల కన్ను ఉంటుంది. లెక్కలు, కస్టమర్ల వివరాలు ఒక్క రాత్రిలో లాక్ అయిపోతే నష్టం ఎంతో వ్యాపారులకు చెప్పక్కర్లేదు.

7 నుంచి నేరుగా 10కి దూకడం కుదరదు. 8, 9 మీదుగా ఒక్కో మెట్టు ఎక్కాలి. దానికన్నా డేటా బ్యాకప్ తీసుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే చాలామందికి తేలిక. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ముందుగా వేరే మెషీన్‌లో పరీక్షించండి. 32-బిట్ ప్యాకేజీలను 10లో తీసేశారు కాబట్టి కొన్ని పాత ప్రోగ్రామ్‌లు మొరాయించొచ్చు.

విద్యార్థులకు మంచి అవకాశం

1980లో మొదలైన ఎస్ఆర్‌కేఆర్, ఆ తర్వాత వచ్చిన విష్ణు మహిళా ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న ఊరు ఇది. సర్వర్ల ఉద్యోగాలకు వెళ్లాలనుకునే పిల్లలు దీన్ని ఇంట్లోనే నేర్చుకోవచ్చు. డెవలపర్‌గా వ్యక్తిగతంగా నమోదు చేసుకుంటే 16 సిస్టమ్‌ల వరకు రెడ్‌హ్యాట్ ఉచితంగా ఇస్తోంది. ల్యాప్‌టాప్ పాతదైతే 9తో మొదలుపెట్టినా నష్టం లేదు. రోజూ వాడే కమాండ్లు చాలావరకు అవే.

ఈ వారమే చేయాల్సినవి మూడు

1. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కమాండ్‌తో సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో చూడండి.
2. ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 ఉందో లేదో రాసిపెట్టుకోండి.
3. బ్యాకప్ తీసి, అది నిజంగా తెరుచుకుంటుందో లేదో వేరే మెషీన్‌లో చూడండి. వెర్షన్ మార్పు ఆ తర్వాతే..